నాన్న జిప్సీని అమ్మించాలా?

ప్రశ్న: మా నాన్నగారు అటవీశాఖలో రేంజ్ ఆఫీసర్‌గా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం నల్లమలలోనే గడిచింది. అమ్మానాన్నలు మార్కాపురంలో ఉంటారు, నాది హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇద్దరూ హాయిగా తిరుగుతారని ఆటోమేటిక్ గేర్లున్న ఏసీ కారు కొనిస్తానన్నాను. ఆయన సరేనని తలూపి, నాకు చెప్పకుండా నాలుగు లక్షలు పెట్టి 2008 మోడల్ మారుతీ జిప్సీ కొన్నారు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, పైన గుడ్డ టాపు. వానొస్తే లోపల తడుస్తుంది. అమ్మ ఒకసారి వెనక బెంచీ మీద కూర్చుని పెద్దదోర్నాల దాకా వెళ్లొచ్చి రెండు రోజులు నడుం పట్టుకుని పడుకుంది. నాన్నకు 63 ఏళ్లు, మెడ నొప్పి ఉంది. అయినా తెల్లారి లేస్తే దాని కిందే ఉంటారు. "మీ డ్రైవర్ మామ నడుపుతుంటే ఈ బండిలోనే అడవంతా తిరిగాం, దీనికి తిరుగులేదు" అంటారు. (డ్రైవర్ మామ అంటే నాన్న దగ్గర చాలా ఏళ్లు చేసిన డిపార్ట్‌మెంట్ డ్రైవర్. ఆయనా రిటైరై పెద్దదోర్నాలలోనే ఉంటున్నారు.) ఇన్ని లోపాలున్న బండి మీద ఇంత ప్రేమేమిటో నాకు అర్థం కావడం లేదు. శ్రీశైలం ఘాట్‌లో ఆయన ఒక్కరే నడుపుతున్నారంటే టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఎలాగైనా అమ్మించే మార్గం చెప్పండి.
ఒక కూతురు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీరు దొంగ చేతికే తాళాలిచ్చారు. నా దగ్గర 1998 జిప్సీ కింగ్ ఉంది, ఇరవై ఏళ్లుగా. మా ఆవిడ దానికి పెట్టిన పేరు తిరగలి. శబ్దానికి శబ్దమూ ఉంది, లోపల కూర్చున్నవాళ్లు పిండైపోవడమూ ఉంది, రెండింటికీ సరిపోయేలా పెట్టింది. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తీసేసి చదువుకోండి. మీరు రాసిన లోపాల్లో మాత్రం ఒక్కటీ అబద్ధం లేదు. నన్నడిగితే మీరు తక్కువే రాశారు.

మిగిలినవి నేను చెబుతాను. చిన్న పెట్రోలు ఇంజనే, అయినా లీటరుకు పది, పన్నెండు దాటడం కష్టం. అడవి దారిలో అదీ రాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారే, ఆ బాపతు. హైవే మీద ఎనభై దాటిస్తే గాలి హోరులో పక్క సీట్లో మనిషి మాట వినపడదు. ఆగి ఉన్న బండి స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు పడిపోతాయి. తలుపుల కింది అంచుల్లో, కాళ్ల కింద మ్యాట్ అడుగున తుప్పు పడుతుంది. హెడ్‌లైట్ల వెలుతురు అంతంత మాత్రం. వెనక అటూ ఇటూ ఎదురెదురుగా ఉండే బెంచీలు మనుషుల కోసం పెట్టారో బియ్యం బస్తాల కోసం పెట్టారో నాకిప్పటికీ తెలీదు. ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు.

ఇవన్నీ ఎక్కడ నుంచి వచ్చాయంటే బండి పుట్టిన కాలం నుంచి. 1970లో జపాన్‌లో సుజుకీ కంపెనీ 359 సీసీ ఇంజన్‌తో ఒక బుల్లి ఫోర్ వీల్ డ్రైవ్ జీపు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి, తెచ్చింది. 1981లో దాని రెండో తరం వచ్చింది. ఆ రెండో తరం బండినే కాస్త పొడుగు చేసి 1985 డిసెంబరులో మారుతీ మన దేశంలో జిప్సీ అన్న పేరుతో దించింది. 800 కారు, వ్యాను తర్వాత అది వాళ్ల మూడో బండి. అప్పట్లో 970 సీసీ, 45 హెచ్‌పీ, నాలుగు గేర్లు. 1993లో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 9 సెంటీమీటర్లు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజన్, ఐదు గేర్లతో కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ తీసేసి పెట్రోలును లెక్కగా చిమ్మే ఎంపీఎఫ్ఐ పెడితే బలం 80 హెచ్‌పీకి చేరింది. చెప్పుకోదగ్గ మార్పులు అక్కడితో సరి. జపాన్‌లో ఆ తరాన్ని 1998లో పక్కన పెట్టేసి కొత్తది తెచ్చుకున్నారు. మన దగ్గర పాతదే 2019 దాకా నడిచింది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, క్రాష్ పరీక్షల నిబంధనలు వచ్చి పడేసరికి ఇక మామూలు జనానికి అమ్మే వీల్లేకపోయింది. 33 ఏళ్లు ఒకే ఒంటితో బతికిన బండి అన్నమాట. మీ నాన్నగారి 2008 మోడల్ చివరి రకం ఇంజన్ ఉన్నది. ఎస్టీమ్ కారు ఇంజన్‌కు అది దగ్గర చుట్టం, ఆ విషయంలో ఆయన ఎంపికకు మార్కులు వేయాల్సిందే.

ఇక ప్రేమ సంగతి. జిప్సీలో లోపమని మీరు వేలు పెట్టి చూపించే ప్రతిదాని వెనకా, ఎదురుగా ఒక గుణం నిలబడి ఉంటుంది. అమ్మగారి నడుం విరిచింది కమాన్ కట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు ఆకులు. లారీలకీ, ఎడ్ల బళ్ల వారసులైన ట్రాలీలకీ ఉండేవే, నాలుగు చక్రాలకీ అవే. కారులో ఉండేవి మెత్తని స్ప్రింగులు, రాయి గట్టిగా తగిలితే వాటికి కట్టిన చిన్న చిన్న చేతులు వంగుతాయి. కమాన్ కట్టలో ఒక ఆకు విరిగినా మిగిలిన ఆకుల మీద ఇల్లు చేరొచ్చు. మర్నాడు లారీల కమాన్లు కట్టే ఏ కొలిమి దగ్గరికి తీసుకెళ్లినా పని అయిపోతుంది. లాప్‌టాప్ పెట్టి చూడాల్సిన అవసరం రాదు.

ఏసీ, పవర్ స్టీరింగ్, మందపాటి తలుపులు, కుషన్లు ఏవీ లేవు కాబట్టి ఖాళీ బండి బరువు 985 కిలోలే. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే థార్ లాంటివి 1,700 కిలోల పైమాటే. ఇసుకలో, బురదలో ఈ తేడా ఏమిటో దిగబడ్డవాడికే తెలుస్తుంది. బరువు బండి ఎంత బలంగా లాగితే అంత లోతుకు పోతుంది. జిప్సీ పైపైన పాకుతూ పోతుంది. పోలేకపోతే నలుగురు దిగి తోస్తే చాలు. సైన్యం, పోలీసులు, అటవీశాఖ దాన్ని అంతగా వాడటానికి, హిమాలయాల్లో జరిగే ర్యాలీల్లో కుర్రాళ్లు దాన్నే పట్టుకు వేలాడటానికి ఈ తేలికదనమే పెద్ద కారణం.

అలాగని తిరుగులేదన్న మాట మాత్రం నేనొప్పుకోను. మీ నాన్నగారికి నా తరఫున చెప్పండి. గేరు రాడ్డు పక్కన రెండో చిన్న రాడ్డు ఉంటుంది కదా, దాన్ని 'ఫోర్ లో'కి, అంటే నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే చోటికి వేస్తే బండి మనిషి నడిచే వేగంతో, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే గట్టు ఎక్కుతుంది. అది నిజం. కానీ ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఇలా మూలకొకటి గాల్లోకి లేచాయనుకోండి, ఇంజన్ బలమంతా ఆ గాల్లో చక్రాలకే పోయి అవి ఊరికే తిరుగుతాయి. నేల మీద ఉన్న రెండూ కదలవు. జిప్సీలో దీన్ని ఆపే లాక్ లేదు. ఇక నల్లరేగడిలో ముసురు పట్టిన రోజున ఏ బండీ గొప్పది కాదు. టైర్ల గాళ్లు నిండిపోయి నాలుగూ నాలుగు మట్టి చక్రాలైపోతాయి.

ఎగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి గుడికో, శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారి దగ్గరికో మీరు జీపులో వెళ్లారో లేదో. అక్కడ తిరిగేవి ఎక్కువగా మహీంద్రా పాత జీపులు, జిప్సీకి వేలు విడిచిన అన్నదమ్ములు. ఆ దారి దారిలా ఉండదు, ఎండిన వాగు అడుగులా ఉంటుంది. లోపల జనం దేవుణ్ణి తలుచుకుంటుంటారు. మీరు ఈసారి డ్రైవర్‌ను చూడండి. అతను స్టీరింగ్‌ను పట్టుకోడు, చేతుల్లో ఆడనిస్తాడు. ముందు చక్రం ఏ రాయి మీద ఉందో అతనికి అరచేతిలో తెలుస్తుంది. ఏ రాయి ఎక్కాలి, ఏది తప్పించాలి, ఎక్కడ ఒక్క క్షణం క్లచ్ మీద ఆగాలి, అన్నీ అతనే తేల్చుకోవాలి. బండి తనంతట తాను ఏమీ చేయదు.

కొత్త బళ్లలో ఆ పనంతా కంప్యూటర్ చేస్తుంది. చక్రం జారితే అదే కనిపెట్టి అదే బ్రేకేస్తుంది. మంచిదే, ప్రాణాలు కాపాడుతుంది, దాన్ని నేను వెక్కిరించను. కానీ కొండెక్కాక "ఎక్కించాను" అనుకోవడానికి డ్రైవర్‌కు పెద్దగా ఏం మిగలదు. జిప్సీలో ఎక్కింది మనమే, ఇరుక్కుంటే ఇరికించిందీ మనమే. మొండి బండిని ప్రేమించేవాళ్లలో నూటికి తొంభై మంది ఈ రుచి మరిగినవాళ్లే. మిగతా పదిమంది ఫొటోల కోసం కొంటారు, ఏడాది తిరక్కుండా అమ్మేస్తారు. అలాంటివాళ్ల దగ్గర కొన్నదే నాది.

తెల్లారి లేచి దాని కింద దూరడం గురించి రాశారు. నవ్వొచ్చింది, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే గొడవ. ఇక్కడొకటి ఆలోచించండి. రేంజ్ ఆఫీసర్ అంటే రాత్రి రెండింటికి ఫోన్ మోగే ఉద్యోగం. ఎక్కడో మంట, ఎక్కడో దుంగల లారీ, ఏదో బేస్ క్యాంపులో వాచర్‌కు జ్వరం. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆయన కోసం ఎవరో ఒకరు ఎదురు చూశారు. ఒక నెలాఖరున పూలదండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపారు. మర్నాటి నుంచి ఫోన్ మోగలేదు. మీరు ఇస్తానన్న కారు చాలా మంచి కారు, ఏడాదికోసారి సర్వీసింగ్‌కు ఇస్తే చాలు, దానికి ఎవరి అవసరమూ ఉండదు. జిప్సీ అలా కాదు. ఇవాళ బ్యాటరీ టెర్మినల్‌కు పచ్చగా బూజు పట్టి ఉంటుంది. రేపు కమాన్ కట్ట చివరి షాకిల్ బుష్ కీచుమంటుంది. ఎల్లుండి టాపు గుండీ ఊడుతుంది. పదో నంబరు, పన్నెండో నంబరు స్పానర్లు చేతిలో ఉంటే చాలావరకు ఆయనే బాగుచేసుకోగలరు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటాం గానీ, అంత చాకిరీ చేయించుకుంటే ఏ పిల్లయినా ముద్దొస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం దగ్గరికొస్తాను. "మీ డ్రైవర్ మామ నడుపుతుంటే."

అంటే మీ నాన్నగారు ఆ అడవంతా ఎడమ సీట్లో కూర్చుని తిరిగారు. కంకర దారి, వాగు, గట్టు అన్నీ ఆయనకు తెలుసు. బండి శబ్దం తెలుసు, వాసన తెలుసు. ఏ మలుపులో ఏ గేరు పడుతుందో చెవికి తెలుసు. చేతికి తెలీదు. నా ఊహ తప్పు కావచ్చు, మధ్యమధ్య ఆయనా నడిపి ఉండొచ్చు. కానీ అన్నేళ్లు ఆ కుడి సీటు ఇంకొకరిది. రిటైరయ్యాక, ఎవరి అనుమతీ అక్కర్లేని రోజున, ఆయన ఆ సీటు కొనుక్కున్నారు. మీకు చెప్పకుండా ఎందుకు కొన్నారో నాకిది చదివాక తెలిసినట్టనిపించింది. చెబితే మీరు లెక్కలు వేసేవారు, లెక్కల్లో జిప్సీ ఏనాడూ గెలవదు.

మీ భయానికి అసలు కారణం కూడా ఆ వాక్యంలోనే ఉంది. ఆ బండి ఆయనకు బాగా తెలుసన్న నమ్మకం ఉంది, ఆ నమ్మకం వచ్చింది పక్క సీటు నుంచి. అందుకే మీ టెన్షన్‌ను నేను కొట్టిపారేయను. ఘాట్ రోడ్డులో జిప్సీకి రెండు ప్రమాదాలు. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ కాబట్టి మలుపులో వేగంగా పోయి ఒక్కసారిగా స్టీరింగ్ కోస్తే పల్టీ కొట్టే గుణం కార్ల కంటే ఎక్కువ. గుడ్డ టాపు బండి పల్టీ కొడితే నెత్తిన కాపాడేది పెద్దగా ఏమీ ఉండదు. రెండోది బ్రేకు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. తడి రోడ్డు మీద కోతులు అడ్డొచ్చాయని గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. ఏబీఎస్ ఉన్న కారుకు అలవాటుపడ్డ కాలు ఇక్కడ మోసపోతుంది.

మూడోది ప్రమాదం అనను, తెలియనితనం అంటాను. అందులో నేనే ఉదాహరణ. కొన్న కొత్తలో అహోబిలం నుంచి దిగొస్తూ 'ఫోర్ హై' (నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం) నుంచి చిన్న రాడ్డును మళ్లీ టూ వీల్‌కు మార్చడం మరిచిపోయి తారు రోడ్డు మీద ఆళ్లగడ్డ దాకా వచ్చేశాను. స్టీరింగ్ బిగుసుకుంటోంది, మలుపుల్లో టైర్లు కీచుమంటున్నాయి, నేనేమో బేరింగు పోయిందనుకుంటున్నాను. తీరా ఆపి చూస్తే రాడ్డు బయటికి రాదు. అక్కడొక లారీ మెకానిక్ వచ్చి బండిని తిన్నగా నాలుగడుగులు రివర్స్ చేయించాడు, రాడ్డు వెన్నలా వచ్చేసింది. తర్వాత నాకు పెట్టిన చివాట్లు రాయలేను. సంగతేమిటంటే మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. మట్టిలో ఆ తేడా జారిపోతుంది. తారు మీద జారే చోటు లేక షాఫ్టులన్నీ మెలిపడతాయి. అందుకే పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదు. బండికి ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే హబ్ లాకులు ఉంటే అవి కూడా మట్టి దారి మొదట్లో బిగించి, తారెక్కే ముందు వదిలేయాలి. ఇది మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి అడగండి. అడిగే నెపంతోనైనా బండి గురించి ఆయనతో మాట్లాడినట్టుంటుంది.

కాబట్టి అమ్మించే మార్గం నేను చెప్పను. ఒప్పందం చేసుకునే మార్గం చెబుతాను. అమ్మగారు వెనక బెంచీ ఎక్కకూడదు. ఇందులో బేరం లేదు. పక్కకు తిరిగి కూర్చుంటే నడుం సంగతి అటుంచి, గట్టిగా బ్రేకు వేసిన రోజున ఆపడానికి ఏమీ ఉండదు. పిల్లలకూ అదే మాట, మీకూ అదే మాట. ముందు రెండు సీట్లు, ఇద్దరికీ బెల్టు, అంతే ఆ బండి. నలుగురు కదలాలంటే మీ కారో, అద్దె కారో. జిప్సీని ఇంటి బండి అనడం మానేస్తే ఇంట్లో సగం గొడవ చల్లారుతుంది. అది ఆయన బండి. కొందరు ఆ వయసులో తోట పెంచుతారు, ఈయన ఇది పెంచుతున్నారు. ఘాట్‌లో 40 దాటొద్దు, ఎక్కిన గేరులోనే దిగాలి, చీకటి పడ్డాక అసలు వద్దు. ఎలాగూ రాత్రి 9 దాటితే అడవి గేట్లు మూసేస్తారు, ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత, బండిని ఒక్కసారి పూర్తిగా విప్పి చూపించాలి. మొదట టైర్లు. పైన గాళ్లు ఎంత లోతుగా ఉన్నాయో చూసి మోసపోవద్దు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2315 అని ఉందంటే 2015లో 23వ వారం తయారైందని. జిప్సీలు ఎక్కువగా షెడ్లలో నిలబడి ఉంటాయి కాబట్టి గాళ్లు అరగకుండానే రబ్బరు ముసలిదైపోతుంది. అలాంటివుంటే అయిదూ మార్చేయండి, మీరు కొనిస్తానన్న కారు డబ్బులో ఇదెంత. గాలి విషయం కూడా చూసుకోండి. పంక్చర్ షాపుల్లో అన్ని బళ్లకీ కొట్టినట్టు దీనికీ 35 కొట్టేస్తారు. ఖాళీగా తిరిగే వెయ్యి కిలోల బండి అప్పుడు బంతిలా ఎగురుతుంది. మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి అంతే పెట్టించండి, మెడ నొప్పి సగం అక్కడే తగ్గొచ్చు. పాత యజమాని బండి ఎత్తుగా కనపడాలని కమాన్ కట్టలో అదనంగా ఆకు వేయించాడేమో కూడా చూడమనండి. ఉంటే తీసేయించి, సీట్లలో కొత్త ఫోమ్ వేయించండి. మొండి బండికి మెత్తని సీటు వేసుకుంటే పరువేమీ పోదు.

స్టీరింగ్ అరవై దగ్గర వణుకుతోందా అని అడగండి. వణుకుతుంటే "జిప్సీ అంటే అంతే" అని ఎవరన్నా వినొద్దు. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్‌లు, షాకిల్ బుష్‌లు, వీల్ బ్యాలెన్సింగ్, వీటిలో ఏదో ఒకటి అరిగి ఉంటుంది. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించి, బ్రేకు ఆయిలు పూర్తిగా మార్పించాలి. వాగు దాటిన రోజున తడిసిన డ్రమ్ములు ఆరేదాకా బ్రేకు మీద కాలు తేలిగ్గా ఉంచి నాలుగు గజాలు నడపాలి. తర్వాత యాక్సిల్ ఆయిలు చూడాలి, పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. చాసీ కింద సుత్తితో తట్టి తుప్పు చూడమనండి. మార్కాపురం పొడి ప్రాంతం, అదృష్టం. విశాఖలోనో నెల్లూరు తీరంలోనో తిరిగిన బండైతే ఇంకాస్త గట్టిగా తట్టాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2008లో దాన్ని దృష్టిలో పెట్టుకుని బళ్లు చేయలేదు. పెట్రోలు రబ్బరు గొట్టాలు, ఫిల్టరు మార్పించండి, నెలల తరబడి నిలబెట్టొద్దు. ఆయన చేతిలో ఉంటే అది నిలబడదులెండి.

కాగితాల గురించి క్లుప్తంగా. 2008 బండికి పదిహేనేళ్లు 2023లో నిండాయి. ఆర్‌సీ రెన్యూవల్ అయిందా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, గ్రీన్ ట్యాక్స్ కట్టారా చూడండి. రెన్యూవల్ అయిదేళ్లకోసారి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025లో పదివేలు చేశారు, అది ముందే తెలిసుంటే మంచిది. ఇంజన్ నంబరు, చాసీ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. జిప్సీలకు డీజిల్ ఇంజన్లు ఎక్కించే పిచ్చి ఒకటుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. మీ నాన్నగారు జీవితమంతా చట్టం అమలు చేసినవారు, ఈ జోలికి పోరనే అనుకుంటాను. ముందు పెద్ద ఇనుప బుల్ బార్ ఏదైనా ఉంటే మాత్రం పీకేయించండి.

నాలుగు లక్షలు దండగేమో అన్న బాధ పెట్టుకోకండి. తయారీ ఆగాక మంచి జిప్సీ ధర పెద్దగా పడలేదు, కొన్నిచోట్ల పెరిగింది కూడా. మీ కొత్త కారయితే షోరూమ్ గేటు దాటగానే లక్ష తగ్గేది. ఒకవేళ ఆయన మెడ నిజంగా ఒప్పుకోకపోతే, డాక్టరు వద్దంటే, అప్పుడు 2023లో వచ్చిన జిమ్నీ చూపించండి. అదే వంశం. కాయిల్ స్ప్రింగులు, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఏసీ, ఆటోమేటిక్ కూడా దొరుకుతుంది, పక్కన ఆ చిన్న రాడ్డు మాత్రం అలాగే ఉంది. బుద్ధిగా ఆలోచిస్తే అదే కొనాలి. నేనెందుకు కొనలేదని మా ఆవిడ అడిగితే మాత్రం ఆవిడతో నన్ను ఇరికించొద్దు.

ఒక్క పని మిగిలింది, అది మీరే చేయాలి. మీ డ్రైవర్ మామకు ఫోన్ చేయండి. నాన్నతో చెప్పి చేయిస్తే ఆయన "నాకు నేర్పేదేమిటి" అంటారు, కాబట్టి మీరే చేయండి. ఒక ఆదివారం పొద్దున, ఎండెక్కక ముందు, ఘాట్‌కు కాదు, ఊరి బయట ఖాళీ నేలకు వెళ్లమనండి. ఖాళీ నేల మీద గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఎంత దూరంలో ఆగుతుందో, ఏ వేగంలో ఒరగడం మొదలవుతుందో, చిన్న రాడ్డు ఎప్పుడు వేసి ఎప్పుడు తీయాలో ఆ మామ చూపించాలి. అన్నేళ్లు ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని దారి చెప్పినవారు మీ నాన్నగారు. ఈసారి ఆయన చెబుతారు, ఈయన నడుపుతారు. ఇద్దరికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది మొదటి పది నిమిషాలు. తర్వాత ఏ వాగులో ఎప్పుడు ఇరుక్కున్నారో చెప్పుకుంటూ పాఠం సంగతి మరిచిపోతారు, మీరు గుర్తు చేస్తూ ఉండండి.

అందుకే మీరూ వెళ్లాలంటున్నాను. కుడి సీట్లో నాన్న, ఎడమ సీట్లో మామ. మీకు మిగిలేది ఇందాక నేను వద్దన్న ఆ వెనక బెంచీయే. ఊరి బయటి దాకానే కాబట్టి, పదిహేను కంటే పైకి పోనివ్వనని మాట తీసుకుని ఎక్కండి. దిండు మర్చిపోకండి.